రైతు చేతిలో శనగగింజంత గుర్తు: వ్యవసాయ యాప్‌లకు ఐకాన్‌ల రూపకల్పన, క్షేత్ర పరీక్ష

2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అప్పటికి కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కొంత కోతకు సిద్ధంగాను, కొంత పనల మీద, కొంత కళ్ళాలలోను ఉన్నది. హెచ్చరికలు ముందుగానే వెలువడ్డాయి. 1977 నవంబరు ఉప్పెన నాటి పరిస్థితితో పోల్చినచో సమాచారం ఇప్పుడు ఎన్ని మార్గాలలో గ్రామానికి చేరుతున్నదో ఈ ప్రాంతపు పెద్దలకు వివరించనక్కరలేదు. అయినప్పటికీ ఆ తుపాను వెలిసిన తరువాత రేపల్లె వైపు పొలాలలో తిరుగుతున్నప్పుడు ఒక రైతు చెప్పిన మాట నన్ను నేటికీ వదలలేదు.

తుపాను వస్తున్నదని ఆయనకు టీవీ ద్వారా తెలుసు. తెలియవలసినది వేరు: తమ మండలంలో వాన ఏ రోజున ఎంత పడుతుంది, కోసిన పనలను తడిగానే కుప్ప వేయవలెనా, కోయని చేనును అలాగే వదలవలెనా అన్నది. ఆ సలహా ఇచ్చే యాప్ ఆయన జేబులోని ఫోనులోనే ఉన్నది. అంతకు ముందటి సంవత్సరం గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమానికి వెళ్లిన మా విద్యార్థులే దానిని ఎక్కించి వచ్చారు. "ఎక్కించారు మాష్టారూ, కాదనను. పచ్చ బిళ్ళలు నాలుగున్నాయి. వాన సంగతి చెప్పేది ఏదో గుర్తు లేదు. ఒకటి నొక్కితే ధరలు వచ్చినయ్యి. ఇంకోటి నొక్కితే ఆధార్ నంబరు అడిగింది. ఎందుకొచ్చిన గొడవలెమ్మని మూసేశాను" అన్నారు. ఆయన పనలు నీటిలో నాని గింజ మొలకెత్తింది.

ఆ సంవత్సరపు నివేదికలో మేము "యాప్ వినియోగంపై అవగాహన కల్పించబడిన రైతులు" అనే గడిలో ఆయనను కూడా ఒక అంకెగా చేర్చాము. యాప్‌లోని సమాచారం సరియైనదే. భారత వాతావరణ విభాగం, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో విడుదల చేసిన మేఘదూత్ వంటి యాప్‌లలో ప్రతి మంగళ, శుక్రవారాలలో స్థానిక భాషలో సలహాలు వస్తూనే ఉన్నవి. ఆ సలహాకు, రైతు వేలికి మధ్య మిగిలిన దూరం ఏడెనిమిది మిల్లీమీటర్ల బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మ గురించి మన పాఠ్యప్రణాళికలో గాని, విస్తరణ శిక్షణలో గాని ఒక్క గంట కూడా కేటాయించలేదు. చార్టు గీయడం నేర్పుతాము, కరపత్రం వ్రాయడం నేర్పుతాము, గోడపత్రికలో అక్షరం ఎంత దూరానికి ఎంత ఎత్తు ఉండవలెనో నేర్పుతాము. ఐకాన్‌ను మాత్రం యాప్ తయారు చేసే సంస్థకు వదిలివేస్తాము.

అక్షరానికి ముందే గుర్తు

ఐకాన్ కొత్త విషయమేమీ కాదు. చదువురాని కోట్ల మంది ఓటర్లతో 1951–52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిపినప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించారు. ఎన్నికల సంఘంలో చిత్రకారుడుగా పనిచేసిన ఎం.ఎస్. సేథీ ఆ తరువాత దశాబ్దాల పాటు పెన్సిలుతో గీసిన సైకిలు, గడియారం, నిచ్చెన వంటి వస్తువుల బొమ్మలు నాసిరకం కాగితంపై, నల్లని సిరాతో, అతి చిన్న పరిమాణంలో అచ్చయినా గుర్తుపట్టడానికి వీలుగా ఉండేవి. ఎర్ర త్రికోణం అనగానే కుటుంబ నియంత్రణ స్ఫురించే తరం మాది. ఆ త్రికోణంలో బొమ్మ కూడా లేదు, ఆకారము, రంగు మాత్రమే.

మన శాఖలోనే ఇంతకన్న మంచి ఉదాహరణ కలదు. పురుగుమందుల నిబంధనలు, 1971 ప్రకారం ప్రతి మందు డబ్బాపై వజ్రాకృతిలో నిలబెట్టిన చతురస్రం ఉండవలెను. దాని క్రింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక మాట. అత్యంత విషపూరితమైన వానికి ఎరుపు రంగు, పై సగంలో పుర్రె, ఎముకల గుర్తు. తరువాత పసుపు, నీలం, చివరకు ఆకుపచ్చ. విత్తన సంచి చీటీలకు కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నది: ప్రజనక విత్తనానికి బంగారు పసుపు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకరణ విత్తనానికి నీలం. తెనాలి, రేపల్లె ప్రాంతాలలో మూడు పదుల వయస్సు దాటిన ఏ రైతుకైనా ఈ రంగులు ఏదో ఒక మేరకు పరిచితమే. అనగా ఐకాన్ గీయడానికి కూర్చున్న వ్యక్తి ఖాళీ కాగితంపై గీయడం లేదు. అర్థాలు ముందే నాటుకొని ఉన్న భూమిలో గీస్తున్నాడు. మందుల సలహా యాప్‌కు ఎర్రని నేపథ్యం పెట్టినచో కొందరు దానిని ప్రమాద సూచికగా చూస్తారు. మందు డబ్బాపై ఆకుపచ్చ రంగు "విషం కాదు" అని కాక "తక్కువ విషం" అని చెబుతున్నది. కాని ఆ రంగు చూసి అది సేంద్రియ మందు అనుకొన్న రైతులను నేను స్వయంగా చూశాను. రంగు అంత బలమైనది, అంత మోసకరమైనది కూడా.

అటువంటి ఆకుపచ్చను మనం వ్యవసాయం అనే మాటకు పర్యాయపదంగా మార్చివేశాము. ప్లే స్టోర్‌లో వ్యవసాయం అని వెదకి చూడండి. పచ్చని నేపథ్యం, దానిపై తెల్లని ఆకు. పచ్చని నేపథ్యం, దానిపై తలపాగా రైతు. పచ్చని నేపథ్యం, దానిపై అరచేతిలో మొలక. వేరువేరు శాఖలు, బ్యాంకులు, మందుల కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, అందరిదీ ఒకే వరుస. ఒక పొలంలో నాలుగు రకాల వరి వేసి దేనికీ పేరు బల్ల పాతకపోతే పరిశీలనకు వచ్చినవారి గతి ఏమిటో ఆ రేపల్లె రైతు గతి కూడా అదే.

శనగగింజ కొలత

ఆండ్రాయిడ్ పరికరాలలో ఐకాన్‌కు ప్రామాణిక కొలత 48 డీపీ. వాట్సాప్‌లో పెట్టుకొనే డీపీ కాదు ఇది. తెర ఎంత సాంద్రమైనదైనా అంగుళంలో 160వ వంతుగా లెక్కించే కొలమానం. అనగా 48 డీపీ అంటే అంగుళంలో పదింట మూడు వంతులు, సుమారు 7.6 మిల్లీమీటర్లు. ఒక శనగగింజంత. ఫోను తయారీదారును బట్టి కొంచెం పెద్దదిగా కనిపించవచ్చు, అంతకు మించి కాదు.

ఇక్కడ నా తప్పిదం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక యాప్ ఐకాన్‌ను ఆమోదించే సంఘంలో నేనూ సభ్యుడను. సమావేశ మందిరంలో ప్రొజెక్టర్ తెరపై రెండు మీటర్ల వెడల్పున దానిని చూపించారు. సంస్థ చిహ్నం, దాని చుట్టూ వలయాకారంలో అక్షరాలు, మధ్యలో నాగలి, వరి కంకి, ఉదయించే సూర్యుడు, క్రింద సూక్తి. అందరమూ బాగున్నదన్నాము. నేను వరి కంకిలో గింజల సంఖ్య తక్కువగా ఉన్నదని కూడా ఒక సవరణ సూచించాను. ఫోనులోకి వచ్చిన తరువాత అది పచ్చని మరక. అందులో నాగలి ఉన్నదన్న సంగతి చేసినవారికి, ఆమోదించినవారికి తప్ప మరెవరికీ తెలియదు. సంస్థ చిహ్నం లేఖాపత్రంపై, భవన ద్వారంపై ఉండవలసినది. దానిని కుదించినంత మాత్రాన ఐకాన్ కాదు. ముద్ర వేరు, గుర్తు వేరు.

ఆనాటి నుండి బాపట్లలో విద్యార్థులకు నేను చేయిస్తున్న అభ్యాసం చాలా చౌకైనది. 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటర్‌కు ఐకాన్‌లు గీసిన సుసాన్ కేర్ మొదట గ్రాఫ్ కాగితంపై 32 అడ్డగడులు, 32 నిలువుగడులు తీసుకొని, గడిని నింపడమా వదలడమా అన్న పద్ధతిలో బొమ్మలు చేశారు. మా విద్యార్థులకు గ్రాఫ్ కాగితం కొత్త కాదు. 32 గడుల చతురస్రంలో, నల్లని పెన్సిలుతో మాత్రమే, ఒకే ఒక భావం గీయమంటాను. 1,024 గడులు చాలునా అని అడిగేవారు గంట గడిచేసరికి సగం గడులు తుడిపివేసి ఉంటారు.

మినుములో పల్లాకు తెగులు సలహాకు గుర్తు గీయమన్నప్పుడు దాదాపు అందరూ ముందుగా తెల్లదోమను గీశారు. శాస్త్రరీత్యా సబబే, వైరస్‌ను వ్యాపింపజేసేది అదే. కాని తెల్లదోమ పొలంలోనే ఒక మిల్లీమీటరు చుక్క. శనగగింజంత గుర్తులో రెక్కలున్న ఏదో పురుగు. వరిమాగాణిలో మినుము వేసే రైతు తెల్లదోమను చూసి పల్లాకు తెగులును గుర్తుపట్టడు. మూడు చిన్నాకులలో పసుపు మచ్చ చూసి గుర్తుపడతాడు. రెండవ విడతలో ఒక విద్యార్థిని మూడాకుల మినుము రెమ్మను గీసి, నడిమి ఆకును సగం ఖాళీగా వదలింది. రంగు వేయకుండానే విషయం అర్థమైంది. నేను విద్యార్థులకు చెప్పే సూత్రం ఇంతే: కారణాన్ని కాదు, రైతు కంటికి మొదట తగిలే లక్షణాన్ని గీయండి.

రంగు లేకుండా మొదలుపెట్టడానికి మరొక కారణం కలదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య భేదం గ్రహించలేని దృష్టిలోపం పురుషులలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉండటమే అందుకు హేతువు. అటువంటి వారిలో చాలామందికి తమకు ఆ లోపం ఉన్నదన్న సంగతే తెలియదు. దీనికి తోడు, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి ఐకాన్‌లనన్నిటినీ ఫోను గోడచిత్రపు రంగులోనికి మార్చే సదుపాయం ఉన్నది. 2024లో ఐఫోన్‌లకూ ఇటువంటిదే వచ్చింది. రైతు మనుమడు సరదాగా ఆ మీట నొక్కినచో మనం ఎంతో ఆలోచించి ఎంచిన రంగు ఒక్క క్షణంలో మాయమవుతుంది. మిగిలేది ఆకారం. వరిలో నత్రజని అవసరాన్ని అంచనా వేసే ఆకురంగు పట్టికను ఫోను తెరపై చూపించవద్దని మనం ఎందుకు చెబుతామో ఇదీ అందుకే: ఏ రెండు తెరల పచ్చదనమూ ఒకటి కాదు.

వరి కంకి, గోధుమ కంకి, తెలుగు అక్షరం

సస్యశాస్త్రజ్ఞునిగా నాకు మరింత కష్టం కలిగించే విషయం ఒకటి ఉన్నది. యాప్ తయారీదారులు పంట అనగానే సిద్ధంగా దొరికే చిత్రాల నుండి ఒక కంకిని తీసి పెడతారు. అది నిటారుగా నిలబడి, రెండు వైపులా గింజలు జడ అల్లినట్లుండి, పైకి మీసాలు చాచిన గోధుమ కంకి. కృష్ణా డెల్టాలో గోధుమ ఎక్కడిది? ఇక్కడి రైతు ఎరిగిన కంకి బరువుకు వంగి ఉంటుంది, కొమ్మలు విడివిడిగా ఉంటాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 కంకిని జీవితమంతా చూసిన మనిషికి గోధుమ కంకి చూపి వరి అని చెప్పడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఆ బొమ్మ "ఇది నీ కోసం చేసినది కాదు" అని కూడా చెబుతున్నది. వంగిన కంకి గీత చాలు, అయిదారు గింజలు చాలు. ఆ వంపే వరి.

బొమ్మకు బదులు తెలుగు అక్షరం పెట్టుదామన్న ఆలోచన సహజంగా వస్తుంది. భాషాభిమానం ఉన్న నాకూ వచ్చింది. తెలుగు ఖతులకు నేడు కొరత లేదు; తెనాలి రామకృష్ణుని పేరుతోనే ఒక ఖతి ఉచితంగా దొరుకుతున్నది. చిక్కు వేరొకచోట ఉన్నది. వరికి వ, పత్తికి ప అని రెండు ఐకాన్‌లు గీసి చూడండి. తలకట్టు అంటుకొని ఉండటం, విడిగా ఉండటం మాత్రమే ఈ రెండు అక్షరాల మధ్య భేదం. ఏడు మిల్లీమీటర్ల గుర్తులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నలభై దాటి చత్వారం వచ్చిన కంటికి ఆ ఎడం కనిపించదు. మ, య ల సంగతీ అంతే. వత్తులున్న అక్షరం మరింత ఇబ్బంది, ఒక్క చతురస్రంలో రెండు అంతస్తులు ఇరికించవలసి వస్తుంది. అక్షరం పెట్టవలసి వస్తే ఒక్కటే, వత్తు లేనిది, మందమైన ఖతిలో, బొమ్మకు తోడుగా మాత్రమే.

ఐకాన్ క్రింద వచ్చే పేరు విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ప్లే స్టోర్‌లో యాప్ పేరుకు 30 అక్షరాల పరిమితి ఉన్నది. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడి అక్షరాలే. "వ్యవసాయం" కంటికి నాలుగు అక్షరాలు, యంత్రానికి ఎనిమిది. ఫోను ముఖ్య తెరపై చోటు ఇంకా తక్కువ, పొడవైన పేరు మధ్యలో తెగి చుక్కలు మిగులుతాయి. "సమగ్ర సస్యరక్షణ సలహా సమాచార..." అని తెగిన పేరు ఎవరికి ఉపయోగం? వాన, ధర, తెగులు, ఎరువు: రైతు నోటిలో ఉన్న ఒక్క మాట చాలును. అధికారిక నామధేయాన్ని యాప్ లోపల ఎంత పొడవునైనా వ్రాసుకోవచ్చును.

కాగితం నుండి ఫోనుకు

సాంకేతిక భాగాన్ని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది కష్టమైనది కాదు. గ్రాఫ్ కాగితపు బొమ్మను ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రేఖాచిత్రంగా గీసుకొన్నచో ఏ పరిమాణానికి పెంచినా అంచులు చెదరవు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుండి ఐకాన్ రెండు పొరలుగా ఉంటుంది: వెనుక రంగు, ముందు బొమ్మ. ఒక్కొక్క పొర 108 డీపీ చతురస్రం. అందులో కంటికి కనిపించేది నడిమి 72 డీపీ మాత్రమే. ఫోను కంపెనీని బట్టి దానిని గుండ్రంగానో, మూలలు వంపు తిరిగిన చతురస్రంగానో కత్తిరిస్తారు. ఎట్లు కత్తిరించినా తెగకుండా ఉండే భాగం 66 డీపీ వ్యాసం గల వృత్తం. బొమ్మ అంతా ఆ వృత్తంలోనే ఉండవలెను. గట్టు దగ్గరి వరుసలను మనం దిగుబడి లెక్కకు తీసుకోనట్లే అంచులను లెక్కలోనికి తీసుకోరాదు. రంగు మార్పిడి సదుపాయం కొరకు ఏకవర్ణపు పొర మూడవది కూడా ఇవ్వవలెను. గ్రాఫ్ కాగితంపై పెన్సిలుతో మొదలుపెట్టిన వారికి అది అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ప్లే స్టోర్‌కు 512 పిక్సెళ్ల పీఎన్‌జీ చిత్రం విడిగా పంపాలి. మూలలు గుండ్రం చేయడం, నీడ వేయడం స్టోరే చూసుకొంటుంది, మనం చేసినచో రెండుసార్లు అవుతుంది. బొమ్మకు, నేపథ్యానికి మధ్య వెలుగు భేదం కనీసం 3:1 నిష్పత్తిలో ఉండవలెనని వెబ్ ప్రమాణాలు చెబుతున్నవి. పొలంలో వాడే వాటికి అంతకన్న ఎక్కువే మేలు.

ప్రతి పరిశోధన స్థానమూ యాప్ తయారు చేయనవసరం లేదన్నది నా అభిప్రాయం. ఉన్న వెబ్ పేజీని క్రోమ్‌లో తెరచి, మూడు చుక్కల పట్టికలో ముఖ్య తెరకు జోడించు అన్నదానిని నొక్కినచో అది కూడా ఐకాన్‌గా వచ్చి కూర్చుంటుంది. పేజీ నిర్వాహకులు 192, 512 పిక్సెళ్ల చిత్రాలు రెండు అమర్చి ఉంచినచో మన గుర్తే కనిపిస్తుంది; లేకపోతే ఫోను తనకు తోచినదేదో పెడుతుంది.

లాటిన్ చతురస్రం

కొత్త వంగడాన్ని పరిశోధన స్థానంలో బాగున్నదని నేరుగా విడుదల చేయము. బహుళ ప్రాంత పరీక్షలు, ఆపైన చిరుసంచుల దశ ఉంటాయి. ఐకాన్‌కు కూడా చిరుసంచుల దశ ఉండవలెను. గుర్తులను జనం ఎంతమేరకు గ్రహిస్తారో పరీక్షించడానికి ఐఎస్ఓ 9186 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. అమెరికావారి భద్రతా చిహ్నాల ప్రమాణమైతే చూసినవారిలో కనీసం 85 శాతం మంది సరిగా చెప్పవలెనని, తలక్రిందుల అర్థం చెప్పినవారు 5 శాతం మించరాదని నిర్దేశించింది. ఈ రెండవ షరతు మనకు మరీ ముఖ్యం. పిచికారీ యంత్రంపై అడ్డగీత వేసి "ఇప్పుడు మందు కొట్టవద్దు" అని చెప్పబోతే, ఆ గీతను కొందరు మందు ధారగా చూడవచ్చు. అర్థం కాని గుర్తు వలన కాలహరణం జరుగుతుంది, తలక్రిందులుగా అర్థమైన గుర్తు వలన పంట పోతుంది.

పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. తెనాలి మార్కెట్ యార్డు, రేపల్లె బస్టాండు, ఏదైనా రైతు సేవా కేంద్రపు అరుగు చాలును. ఫోనులో ఐకాన్ పేరు తీసివేసి, చేయి చాచినంత దూరంలో, ఎండలో, కళ్లద్దాలు లేకుండా చూపించి, "బాబాయి గారూ, ఇది నొక్కితే ఏమి వస్తుందనుకొంటున్నారు?" అని అడగాలి. "ఇది బాగున్నదా?" అని అడగరాదు. పిల్లలు కష్టపడి గీసుకొని వచ్చారని మన రైతులు తప్పక బాగున్నదనే అంటారు.

ఇక్కడ విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటి ఉన్నది, సస్యశాస్త్ర విద్యార్థులు చేయకూడనిది. నాలుగు ఐకాన్‌లను ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టి, ఎడమ చివరిదానిని ఎక్కువమంది త్వరగా గుర్తించారని వ్రాసుకొని వస్తారు. ఎడమ చివర ఉండటం వలన గుర్తించారా, బొమ్మ మంచిదగుట వలన గుర్తించారా? తెరపై స్థానం కూడా పొలంలో భూసారపు వాలు వంటిదే. కావున నాలుగు గుర్తులు, నాలుగు స్థానాలు, నాలుగు రైతు బృందాలు తీసుకొని లాటిన్ చతురస్రం పరచవలెను. ప్రతి గుర్తు ప్రతి స్థానంలో ఒకసారి, ప్రతి బృందానికి ఒకసారి వస్తుంది. బృందాలలో ఒకటి కౌలు రైతులది, ఒకటి మహిళా కూలీలది కావలెనని నేను పట్టుబడతాను. ఫోటోలకు సులభంగా దొరికే అభ్యుదయ రైతులతోనే నాలుగు బృందాలూ నింపుకొని వస్తే ఆ చతురస్రానికి అర్థం లేదు.

రైతు ఫోనును సర్దడం

కొత్త ఐకాన్ గీసే అవకాశం అందరికీ రాదు. రైతు ఫోనులో ఉన్నవాటిని సర్దిపెట్టడం మాత్రం ప్రతి విస్తరణ శాస్త్రజ్ఞుడు, ప్రతి విద్యార్థి చేయగలిగిన పని. ముందుగా అనుమతి అడగాలి. ఫోను ఇల్లు వంటిది. తెర అడుగున ఎల్లప్పుడూ కనిపించే వరుసలో ఒక్క గడి వ్యవసాయానికి ఇవ్వమని అడిగితే సాధారణంగా ఇస్తారు. సెట్టింగులలో ప్రదర్శన పరిమాణం పెంచితే ఐకాన్‌లు, అక్షరాలు రెండూ పెద్దవవుతాయి. యాభై దాటినవారి ఫోనులో ఇది మొదట చేయవలసిన పని, వారు అడగరు కూడా.

అన్నిటికన్న ఎక్కువగా ఉపయోగపడినది యాప్ కానే కాదు. కాంటాక్టులలో ఒక నంబరును ఎంచుకొని నేరుగా ముఖ్య తెరపై పెట్టుకొనే వీలు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది. ఆ కాంటాక్టుకు ఏ ఫోటో పెడితే అదే ఐకాన్ అవుతుంది. 2004 నుండి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551ని టెలిఫోన్ బొమ్మతోను, గ్రామ వ్యవసాయ సహాయకుని నంబరును ఆయన ముఖచిత్రంతోను, ఆయన అనుమతితోనే, పెట్టినచోట రైతుకు నేర్పవలసినది ఏమీ మిగలలేదు. మనిషి ముఖాన్ని మించిన గుర్తు లేదు.

గుర్తు గుర్తింపు కాదు

ఈ అంశాన్ని విస్మరించినచో పైన చెప్పినదంతా ప్రమాదంగా మారవచ్చును. పీఎం కిసాన్ పేరిట వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నవి. వాటిని ఎక్కించుకొన్నవారి ఫోనులో పథకం బొమ్మతోనే ఐకాన్ వస్తుంది. సంక్షిప్త సందేశాలు చదివే అనుమతి అడుగుతుంది, ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీలు అవతలివారికి చేరుతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. సంవత్సరానికి 6,000 రూపాయల సాయం కొరకు నొక్కిన వేలు పంట సొమ్మంతా పోగొట్టవచ్చు. ఆ రేపల్లె రైతు ఆధార్ అడగగానే భయపడి మూసివేయడం అజ్ఞానమని నేను మొదట అనుకొన్నాను. ఆలోచించిన కొలదీ అది వివేకమే అనిపించింది.

బొమ్మను ఎవరైనా కాపీ చేయగలరు. కావున "ఈ గుర్తు ఉంటే మాదే" అని రైతుకు ఎన్నడూ చెప్పరాదు. యాప్‌ను ప్లే స్టోర్ నుండి మాత్రమే తీసుకోవడం, అక్కడ ప్రచురణకర్త పేరు చదవడం, వాట్సాప్‌లో వచ్చిన ఫైలును తెరవకపోవడం నేర్పాలి. ఆండ్రాయిడ్ 8 నుండి, తెలియని యాప్‌లను ఎక్కించే అనుమతి ఒక్కొక్క యాప్‌కు విడివిడిగా ఉంటుంది. రైతు ఫోనులో వాట్సాప్‌కు ఆ అనుమతి ఉన్నదేమో చూసి తీసివేయడం అర నిమిషం పని. మోసం జరిగినచో ఆలస్యం లేకుండా 1930కి ఫోను చేయాలన్న మాట కూడా చెప్పి రావలెను. ఆ నంబరునూ ఒక ఐకాన్‌గా పెట్టి రావచ్చును.

పేర్లు, రూపాలు తరచు మార్చడం ఈ మోసాలకు మరింత వీలు కల్పిస్తుంది. 2020లో ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు 2024లో రైతు సేవా కేంద్రాలైనవి. ఊరిలో భవనం అదే చోట ఉంటుంది కాబట్టి రైతు దారి తప్పడు. ఫోనులో ఆ భవనం లేదు. ఐకాన్ మారిన రోజున అసలుది ఏదో, నకిలీది ఏదో తేల్చుకొనే ఆధారం రైతుకు ఉండదు. మార్చక తప్పనప్పుడు ఆకారం నిలిపి రంగు మార్చడమో, రంగు నిలిపి ఆకారం మార్చడమో చేయాలి; రెండూ ఒకేసారి మార్చరాదు.

ఆకారం, రంగు కాక మూడవది ఒకటి ఉన్నదని నాకు తెనాలి మండలంలో ఒక మహిళా రైతు వలన తెలిసింది. ఆమె చదువుకోలేదు. అయిదెకరాల కౌలు సేద్యం, ఇంటికంతటికీ ఒక్కటే ఫోను. వాన సమాచారం ఆమె తడుముకోకుండా తెరవగలదని విని విద్యార్థులను తీసుకొని వెళ్లాను. ఐకాన్‌లో ఏమి బొమ్మ ఉన్నదని అడిగితే చెప్పలేకపోయింది. "బొమ్మ ఎవరు చూశారయ్యా? కింద నుంచి రెండో వరసలో కుడి పక్క చివరిది" అన్నది. మేము వెళ్లడానికి రెండు రోజుల ముందు ఆమె కుమారుడు కొత్త ఫోను కొని పాతదానిలోని యాప్‌లన్నీ అందులోనికి మార్చాడు. వరుసలు తారుమారైనవి. ఆ రెండు రోజులూ ఆమె వాన సంగతి చూడలేదు. మా విద్యార్థిని ఆ ఐకాన్‌ను వెదకి, వేలితో నొక్కి పట్టి, కింద నుంచి రెండో వరుసలోకి జరిపింది. కుడి చివర అప్పటికే ఒక ఆట ఉన్నది. కుమారుని అడిగి దానిని వేరే పేజీకి పంపి, వానను ఆ గడిలో పెట్టింది.